తగ్గింపు ధర గుమ్మం దాకా నిలుస్తుందా?

ద్రాక్షారామం నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సైకిలుకు అడ్డొచ్చే ఎత్తు లేదు. రామచంద్రపురం వెళ్లినా, కోటిపల్లి రేవుకు దిగినా, యానాం దాకా సాగినా కాలవ గట్లు, వరి చేలు, చదును రోడ్లే. పాలక్యాన్లు కట్టుకున్న పాత 28 అంగుళాల సైకిళ్ల పక్కనే ఇప్పుడు గేర్ల సైకిళ్లూ కనిపిస్తున్నాయి. చిక్కల్లా గేర్ల సైకిలు పాడైనప్పుడే. డెల్టా నల్లమట్టి, వానాకాలపు తడి కలిసి చైనును త్వరగా తినేస్తాయి. ఊళ్లోని రిపేరు షాపులో మామూలు ఫ్రీవీలు, బ్రేకు కట్టలు, ట్యూబులు దొరుకుతాయి. వెనక చక్రానికి ఎక్కించే పదకొండు గేర్ల పళ్లచక్రాల గుత్తి, అంటే క్యాసెట్, దొరకదు. అప్పుడు చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఇంగ్లండులోనో జర్మనీలోనో ఉన్న దుకాణం అదే వస్తువును భారీ తగ్గింపుతో చూపిస్తుంది.

ఆ ఆశ తప్పు కాదు. మంచి సామాను కావాలనుకోవడం విలాసమూ కాదు. అయితే ఫోనులో కనిపించే ధర వేరు, వస్తువు ఇంటి గుమ్మం తొక్కేసరికి అయ్యే ధర వేరు. ఆ రెంటికీ ఉన్న తేడా తెలియకుండా కొంటే నష్టపోయేది కొన్నవాడే.

ముందు ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. విదేశీ దుకాణాలు టోకున కొంటాయి. నిరుటి మోడళ్లను వదిలించుకుంటాయి. సైకిళ్ల ఫ్యాక్టరీలో బిగించడానికి తెప్పించి మిగిలిపోయిన సామానును కంపెనీ అట్టపెట్టె లేకుండా అమ్ముతాయి. బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్ ఉంది, ఎగుమతికి అది పడదు. కాబట్టి ఆ ధర బూటకమేమీ కాదు. మన దేశపు సైక్లిస్టులు ఏళ్ల తరబడి ఆర్డర్లు పెట్టిన చెయిన్ రియాక్షన్ సైకిల్స్ ఇలా పెరిగిందే. ఉత్తర ఐర్లాండ్‌లోని బాలినూర్‌లో 1980లలో ఒక కుటుంబం పెట్టిన చిన్న షాపు అది. 2016లో విగిల్ అనే మరో ఆన్‌లైన్ సైకిల్ దుకాణంతో కలిసింది. 2023 అక్టోబరులో ఆ ఉమ్మడి సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మరుసటి ఏడాది ఆ పేర్లను బ్రిటన్ రిటైల్ సంస్థ ఫ్రేజర్స్ గ్రూప్ కొనుక్కుంది. అంత పెద్ద దుకాణానికే ఆ గతి పట్టినప్పుడు, గ్యారంటీ కాగితం పట్టుకుని ద్రాక్షారామంలో కూర్చున్న మనిషి ఎవరిని అడగాలి?

ఇక సుంకం సంగతి. సామాను ధర 5,000 రూపాయలు, రవాణా 1,500 అనుకుందాం. కస్టమ్స్ వారు లెక్క మొదలుపెట్టేది 5,000 మీద కాదు, రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద. దానిపై మూల సుంకం వేస్తారు. ఆ సుంకం కూడా కలిసిన మొత్తం మీద ఐజీఎస్టీ పడుతుంది. అంటే పన్ను మీద పన్ను. ఆపైన కొరియర్ కంపెనీ తన సేవా రుసుము కలుపుకుంటుంది. గుర్తింపు పత్రాలు పంపేదాకా పార్సిలు కదలదు. ‘గిఫ్ట్ అని రాసి పంపేయండి’ అనే పాత చిట్కా కూడా ఇప్పుడు చెల్లదు. 2019 డిసెంబరు 12న కేంద్రం ఆ దారి మూసేసింది. ప్రాణాధార మందులకు, రాఖీలకు తప్ప పోస్టులో, కొరియర్‌లో పూర్తి సుంకం కట్టకుండా గిఫ్టు పేరిట దిగుమతికి వీల్లేదు.

డబ్బు కన్నా పెద్ద దెబ్బ కొలతల్లో తగులుతుంది. మన పాత సైకిలు టైరు పక్కన 28 × 1½ అని ఉంటుంది. దాని రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. యూరప్ దుకాణంలో ‘28 అంగుళాలు’ అని అమ్మే టైరు చాలావరకు 622 మిల్లీమీటర్ల రిమ్ముకు చేసింది. పేరు ఒకటే, తేడా 13 మిల్లీమీటర్లు. ఆ టైరు ఈ రిమ్ముకు చచ్చినా ఎక్కదు. టైరు మీద చిన్నగా అచ్చువేసిన 40-635, 37-622 లాంటి అంకెలు చూసినవాడు ఈ పొరపాటు చెయ్యడు. చవక గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనక చక్రానికి మరలు తిప్పి బిగించే ఫ్రీవీలే ఉంటుంది. క్యాసెట్ తెప్పిస్తే హబ్బు కూడా మార్చాలి. తిరిగి పంపుదామంటే రవాణా ఖర్చు సామాను ధరను మించిపోవచ్చు.

ప్రాణం మీదికి వచ్చే విషయం మరొకటుంది. పెడళ్లు బిగించే క్రాంకుల్లో కొన్నింటి అతుకు ఊడిపోతోందని 2023 సెప్టెంబరులో జపాన్ కంపెనీ షిమానో ప్రకటించింది. అవి 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైన ఖరీదైన రకాలు. ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000 క్రాంకులను పరీక్షకు తీసుకురమ్మన్నారు. అప్పటికే 4,519 చోట్ల అతుకు విడిపోయినట్టు, ఆరుగురికి గాయాలైనట్టు నమోదైంది. ఆ పరీక్ష చెయ్యాల్సింది అధీకృత డీలరు. సూట్‌కేసులో బంధువు తెచ్చిన క్రాంకుకైనా, పేరూ ఊరూ లేని దుకాణం పంపిన దానికైనా ఆ డీలరు ఎవరో కొన్న రోజే తెలిసి ఉండాలి.

అలాగని విదేశీ దుకాణం వైపు చూడొద్దని కాదు. ఇక్కడ ఎక్కడా దొరకని బ్రేకు భాగానికి, అరుదైన బేరింగుకు ఆ దారే మేలు. చైను, టైరు, క్యాసెట్ లాంటి అరిగిపోయే సామాను మాత్రం దగ్గర్లో కొనడమే లాభం. చైను అరిగిందో లేదో తేల్చడానికి బడి పిల్లల స్కేలు చాలు. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య సరిగ్గా అర అంగుళం. పన్నెండు అంగుళాల దగ్గర ఉండాల్సిన పిన్ను అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే చైను మార్చాల్సిందే. అప్పుడే మారిస్తే ఖరీదైన క్యాసెట్ దక్కుతుంది, ఆర్డరే అవసరం పడదు.

అసలు జనం విదేశాల వైపు ఎందుకు చూస్తున్నారో మన వ్యాపారం ఆలోచించాలి. మన దగ్గర సైకిళ్ల కంపెనీలు లేక కాదు: 1949 నాటి టీఐ సైకిల్స్ చెన్నైలో ఉంది, 1956 నాటి హీరో సైకిల్స్ లుధియానాలో ఉంది. సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కాకినాడ, రాజమండ్రి టోకు కొట్ల దగ్గరే ఆగిపోకుండా రామచంద్రపురం కౌంటరు మీద ధరల పట్టికలో కనిపించాలి. కంపెనీలు అసలు సరుకును, కొలతల పట్టికను చిన్న పట్టణాల షాపులకు నేరుగా చేర్చాలి. ఐటీఐలలో సైకిలు గేర్లు, డిస్క్ బ్రేకుల మీద స్వల్పకాలిక శిక్షణ పెట్టాలి. తరతరాలుగా ఓవరాలింగు చేస్తూ చెయ్యి తిరిగిన మెకానిక్కులు డెల్టాలో ఊరూరా ఉన్నారు. గేర్ల పని వారికి నేర్పితే, ఏ సామాను ఏ సైకిలుకు సరిపోతుందో ఆర్డరుకు ముందే చెప్పగలుగుతారు. పన్ను తగ్గించిన ప్రభుత్వం ఆ శిక్షణనూ ఈ ఏడాదే మొదలుపెట్టాలి.