కర్మ సిద్ధాంతం, మెదడు ప్రొటీన్లు

మేధో వైకల్యాన్ని పూర్వజన్మ పాపానికో, గర్భిణి గ్రహణం చూడటానికో, కోడలి వంశదోషానికో ముడిపెట్టే నమ్మకాలు పైకి వేర్వేరుగా కనిపించినా, బిడ్డ బుద్ధి పుట్టుకతోనే ఖరారైపోతుందనీ, ఆపైన నేర్పి సాధించేది ఏమీ ఉండదనీ తేల్చడంలో అవన్నీ ఏకమవుతాయి. ఈ నిర్ధారణ ఎంత నిరాధారమో ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ అనే జన్యు రుగ్మతపై జరిగిన పరిశోధనలు తెలియజేస్తాయి.

వంశపారంపర్యంగా వచ్చే మేధో వైకల్యానికి ముఖ్య కారణాల్లో ఒకటైన ఈ రుగ్మతకు మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఎఫ్‌ఎంఆర్1 జన్యువు అని 1991లో గుర్తించారు. ఈ జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల వరుస సాధారణంగా 45 సార్ల లోపే పునరావృతమవుతుంది. అది 200 దాటితే జన్యువు పనిచేయడం మాని, ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రొటీన్ తయారీ నిలిచిపోతుంది. నాడీకణాలు పరస్పరం సంకేతాలు అందించుకునే చోట్లను సినాప్సులు అంటారు. అక్కడ ఇతర ప్రొటీన్ల తయారీకి ఆదేశాలు తెచ్చే ఆర్‌ఎన్‌ఏ అణువులకు అంటుకుని, ఆ తయారీ మితిమీరకుండా చూడటం ఎఫ్‌ఎంఆర్‌పీ పని కనుక, అది లోపించినప్పుడు సినాప్సులు సరిగా పరిణతి చెందవు.

55 నుంచి 200 వరకు పునరావృతాలున్న పురుషుడు తాను మేధో వైకల్యం లేకుండానే జీవించి, ఆ జన్యువును తన కూతుళ్లందరికీ అందిస్తాడు. వారి నుంచి మనవలకు చేరేటప్పుడు ఆ సంఖ్య 200 దాటవచ్చు. ఇందులో ఎవరి నడవడికీ, ఏ గ్రహణానికీ ప్రమేయం లేదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బయటపడే రుగ్మతల ముప్పును మేనరికం పెంచుతుంది గాని, ఫ్రాజైల్ ఎక్స్‌కు అది కూడా కారణం కాదు.

జన్యువు మూలమైనంత మాత్రాన అనుభవానికి పాత్ర లేదనుకోవడం మరో పొరపాటు. సినాప్సులు ఉత్తేజితమైనప్పుడు వాటి చేరువలోనే ఎఫ్‌ఎంఆర్‌పీ తయారవుతుందని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం గ్రీనఫ్ బృందం 1997లో నిరూపించింది. ఆటవస్తువులూ తోటి జీవులూ ఉన్న పరిసరాల్లో పెరిగిన ఎలుకల మెదడులో ఈ ప్రొటీన్ అధికమవుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అయితే జన్యువు పూర్తిగా మూతపడిన చోట శిక్షణ ఆ ప్రొటీన్‌ను సృష్టించలేదు. ఆ ప్రొటీన్ బొత్తిగా లేని చిట్టెలుకల్లో సైతం అటువంటి పరిసరాల వల్ల ప్రవర్తనలోనూ, నాడీకణాల నిర్మాణంలోనూ కొంత మెరుగుదల కనిపించిందని 2005లో వెలువడిన అధ్యయనం పేర్కొన్నది. ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా అన్వయించలేకపోయినా, జన్యులోపం ఉన్నంత మాత్రాన నేర్చుకునే దారులన్నీ మూసుకుపోవని అవి సూచిస్తాయి.

కనుక శిక్షణతో రుగ్మత మాయమవుతుందని చెప్పడం ఎంత అబద్ధమో, తలరాతకు మందు లేదని చేతులు ముడుచుకోవడం అంత అపరాధం. వసకొమ్ము అరగదీసి నాకిస్తూ, తాయెత్తులు కట్టిస్తూ, మొక్కులు తీరుస్తూ గడిపే సంవత్సరాలు బిడ్డ మెదడు అత్యంత వేగంగా ఎదిగే సంవత్సరాలే. జన్యు పరీక్షతో కారణం తెలుసుకుని, మాటకూ చేతిపనికీ తగిన శిక్షణను పసితనంలోనే మొదలుపెట్టడం తల్లిదండ్రుల బాధ్యత. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాదులో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ అందించే సేవల వంటివి ప్రతి జిల్లాకూ చేరేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత. కర్మ సిద్ధాంతం ఈ రెండు బాధ్యతలనూ ఒక్కసారే రద్దు చేస్తుంది కనుకనే దానిని నిరపాయకరమైన ఓదార్పుగా వదిలేయడానికి వీల్లేదు.