అద్దం మారిస్తే సగం పనే అయినట్టు

ఆత్మకూరులో ఇరవై ఏళ్లుగా కార్ల అద్దాలు బిగిస్తున్నాను. బేతంచెర్ల నాపరాళ్ల లారీల వెనక వచ్చిన కార్లే నా దగ్గరికి ఎక్కువ. చిన్న రాయి ఎగిరితే చాలు, ముందు అద్దం సాలెగూడులా పగులుతుంది. పాతది కోసి తీసి, గమ్ పెట్టి కొత్తది నిలబెట్టి, ఆరేదాకా బండి కదపొద్దని చెప్పేవాణ్ణి. అంతటితో పని అయిపోయేది.

2021లో ఎక్స్‌యూవీ700, ఆస్టర్ లాంటి కార్లు వచ్చాక అడాస్, అంటే డ్రైవరుకు సాయపడే ఏర్పాటు, మన రోడ్ల మీద ఎక్కువగా కనబడసాగింది. అద్దం పైభాగంలో, లోపలివైపు చిన్న కెమెరా. గీత దాటితే స్టీరింగ్ సర్దేదీ, ఎదురుగా మనిషి కనిపిస్తే బ్రేకు పడేదీ దాని చూపును బట్టే. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే వంద మీటర్ల దూరాన తేడా 1.75 మీటర్లవుతుంది. హైవే మీద ఒక వరుస వెడల్పే 3.5 మీటర్లు.

పోయినేడు ఉగాది ముందు ఒక టీచరు సారు కారుకు అద్దం మార్చాను. కెమెరా విప్పి, మళ్లీ అదే క్లిప్పులో కూర్చోబెట్టాను. ఏ లైటూ వెలగలేదు. రెండు రోజులకు ఆయన తిరిగొచ్చి, "అన్నా, తిన్నగా పోతాంటే స్టీరింగ్ ఎడమకు గుంజుతాంది" అన్నాడు. ఆ రోజుల్లో మా రోడ్డుకు ఎడమ అంచున ఉండేది శ్రీశైలం పోయే కన్నడ భక్తులు. నెత్తిన మూటలు, కొందరైతే కొయ్యకాళ్ల మీద, రాత్రీ పగలూ నడుస్తుంటారు. వెంకటాపురం దగ్గర అడవి దారి పట్టేదాకా వాళ్లకు ఆ అంచే దారి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయనతో పాటు నేనూ కర్నూలు షోరూముకు పోయాను. ముందు టైర్లలో గాలి చూశారు. సమమైన నేల మీద కారు నిలిపి, నలుపు తెలుపు గళ్ల బోర్డును దాని నడిమి గీతకు సరిగ్గా టేపుతో కొలిచి పెట్టారు. స్కానర్ తగిలించాక కెమెరా ఆ బోర్డును చూసి తన కోణం సరిచేసుకుంది. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. కొన్ని కార్లకైతే గీతలు బాగా కనిపించే రోడ్డు మీద నడిపి చేయాలట. బీమా వాళ్లు అద్దానికి ఇచ్చారు గానీ ఈ పనికి ఇవ్వలేదు. సగం నేనే కట్టాను.

ఇది అదనపు పని కాదు. అద్దం పనిలో రెండో సగం. బీమా కంపెనీలు దాన్ని అద్దం ఖర్చులోనే కలపాలి. కార్ల కంపెనీలు ఆ పద్ధతిని షోరూముల గోడల మధ్యే ఉంచకుండా మాలాంటి వాళ్లకూ నేర్పాలి, ఐటీఐల్లోనూ చెప్పించాలి. బంపర్ వెనక రాడార్ ఉన్న బండికి పుట్టీ మందంగా పూస్తే దాని చూపూ చెడుతుందని పెయింటర్లకూ తెలియాలి. కారున్నవాళ్లకూ ఒక మాట: మల్లన్న స్టిక్కర్ కెమెరాకు అడ్డం రాకుండా కింద మూలన అతికించండి.

ప్రతి బిల్లులో క్యాలిబ్రేషన్ అయిందో లేదో తెలిపే వరుస ఉండాలని చట్టం వచ్చేదాకా నేను ఎదురుచూస్తూ కూర్చోను. నా బిల్లు మీద చేత్తోనే రాసిస్తున్నాను: "కెమెరా క్యాలిబ్రేషన్ కాలేదు. అయ్యేదాకా అడాస్ ఆపి నడపండి."