చూసేవాడు లేని ఎదురుచూపు వైద్యం కాదు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గుండె గురించి రాస్తున్నాం. అది డాక్టర్ల సంగతి, మీకెందుకంటారా? జీడిపిక్కలు కొట్టే తల్లుల బిడ్డలు మన బిడ్డలు. అందుకే మాకు కావాలి.

కడుపులో ఉన్న బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు. అందుకే గుండె దగ్గర రెండు పెద్ద రక్తనాళాలను కలుపుతూ ఒక అడ్డదారి ఉంటుంది. నెలలు నిండి పుడితే రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. ఏడో నెలకే పుడితే తెరుచుకునే ఉండొచ్చు. అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎగదన్ని, పేగులకీ కిడ్నీలకీ తగ్గిపోతుంది. బిడ్డ రొప్పుతుంది, బరువెక్కదు. దీన్ని పీడీఏ అంటారు.

వైద్యం ఉంది. ఇండోమెథసిన్, ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ మందులు మొదటి రోజుల్లో పనిచేసినట్టు వారాలు గడిచాక పనిచెయ్యవు. మొదటి రెండు మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి. కిడ్నీ అంటే ఏమిటో ఉద్దానానికి పాఠం చెప్పాలా? పారాసెటమాల్ కదా అని ఇంట్లో పొయ్యడానికీ లేదు, ఆస్పత్రిలోనే ఇవ్వాలి. మందుకు లొంగకపోతే ఆపరేషన్. తొడ నాళం గుండా మూసే పరికరాన్ని 700 గ్రాముల బిడ్డకు కూడా వాడొచ్చని 2019లో అమెరికా అనుమతించింది.

అందరికీ మందు అక్కర్లేదన్నదీ నిజమే. తొందరపడి ఇబుప్రొఫెన్ ఇచ్చినంత మాత్రాన మేలు పెరగలేదని 2024లో అచ్చయిన బ్రిటన్ పరిశోధన తేల్చింది. చాలామందికి ఆ దారి దానంతటదే మూసుకుంటుంది. కాబట్టి 'వేచి చూడండి' అన్నది కూడా వైద్యమే.

కానీ అయ్యా, వేచి చూడాలంటే చూసేవాడుండాలి కదా! ఎకో తియ్యాలి, ఊపిరి లెక్కపెట్టాలి, మూత్రం కొలవాలి, మళ్లీ ఎకో తియ్యాలి. డబ్బున్న బిడ్డకు ఎదురుచూపు అంటే అద్దాల గదిలో కాపలా. మన బిడ్డకు ఎదురుచూపు అంటే పలాస నుంచి శ్రీకాకుళం దాకా 70 కిలోమీటర్ల పైన రోడ్డు. రెండూ ఒకటేనా?

అంబేద్కర్‌కు పుట్టిన అయిదుగురిలో యశ్వంత్ ఒక్కడే బతికాడు. రాజ్యాంగం రాసిన ఆ తండ్రి 21వ అధికరణంలో ప్రాణానికి హక్కిచ్చాడు. సర్కారు ఆస్పత్రిలో సమయానికి వైద్యం అందకపోతే ఆ హక్కును కాలరాసినట్టేననీ, డబ్బుల్లేవన్న సాకు చెల్లదనీ 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు ఆస్పత్రిలో జబ్బుపడ్డ పసిబిడ్డకు మందులు, పరీక్షలు, పెద్దాస్పత్రికి బండి ఉచితమని 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం రాసిపెట్టింది. ఇది ఎవరి దయా కాదు.

ఉద్దానం ఏళ్ల తరబడి కొట్లాడితేనే 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. అడగనిదే ఏదీ రాలేదు.

ఇప్పుడు అడుగుతున్నాం. పలాస, టెక్కలి ఆస్పత్రుల్లో నెలలు నిండని బిడ్డకు మొదటి మూడు రోజుల్లో ఎకో తీసేదెవరు? ఏ రోజు, ఏ గదిలో? పెద్దాస్పత్రికి పంపితే ఆక్సిజన్, వెచ్చదనం, నర్సు ఉన్న బండి ఎన్ని నిమిషాల్లో వస్తుంది? ఇవన్నీ గేటు మీద తెలుగులో బోర్డు రాసి కట్టండి. కట్టేదాకా పేట పేటా తిరిగి అడుగుతాం.

మన బిడ్డ గుండె కూడా గుండే. జై భీమ్!