మొదటి గరిటె ఎవరికి?

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆడబిడ్డ నల్గొండ బస్సు దిగి, నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. వెనకాల కూతురు. పిల్లకు మాఘంలో పెళ్లి. శుభలేఖ తెచ్చిందేమోనని సంబరంగా ఎదురు వెళ్లాను. సంచిలోంచి తీసింది శుభలేఖ కాదు, హైదరాబాదులో ఒక అందాల దుకాణం వాళ్లు రాసిచ్చిన చీటీ.

"పది సూదులట వదినె. నలభై వేలు. అన్నకు జెర నువ్వే చెప్పి సర్దియ్యి, పెండ్లయినంక ఇస్త. పిల్ల తెల్లగైతదట" అంది.

"ఏం సూదులు?"

"గ్లూటాథయోన్ అంట. ఒంట్లున్న చెడంత పోతదట. ఇప్పుడందరు ఏయించుకుంటున్నరు."

పిల్ల గడపకు ఆనుకుని తల వంచుకు నిలబడింది. చామనచాయ. అచ్చం మా అత్తగారి పోలిక.

"పొద్దున ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగాను.

"ఏం తినలే అత్తమ్మా. చాయ్ తాగిన."

"నిన్న రాత్రి?"

"రెండు పుల్కలు."

"పప్పు?"

"నాన్న, తమ్ముడు తిన్నంక అయిపోయింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. లోపల నిద్రపోతున్న టీచరు ఒక్కసారి లేచి కూచుంది. ఆ కోపంలో వాళ్లిద్దరికీ చెప్పిందే మీకూ చెబుతున్నాను. వింటే మీకూ కోపం రావచ్చు. రానివ్వండి.

గ్లూటాథయోన్ అంటే ఏ దేశం నుంచో దిగిన అమృతం కాదమ్మా. మన ఒంట్లో కణం కణంలోనూ తయారయ్యే పదార్థం. విటమిన్ల మీద పనికి 1929లో నోబెల్ బహుమతి అందుకున్న హాప్‌కిన్స్ దొరగారు దానికి 1921లో ఆ పేరు పెట్టారు. పేరు పెట్టకముందు కూడా మన అమ్మమ్మల కాలేయాలు దాన్ని దివ్యంగా తయారు చేసుకుంటూనే ఉన్నాయి!

అదెందుకు కావాలంటారా? ఇనుము గాలికి తుప్పు పడుతుంది, కోసిన వంకాయ నల్లబడుతుంది, పాత నూనె వాసన కొడుతుంది. మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువు మనల్ని బతికిస్తూనే లోపల కూడా అలాంటి తుప్పు పని కాస్త చేస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి శరీరం కాపలావాళ్లను పెట్టుకుంది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ అని ఒకటి. అది చేసే పనిని 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు కనిపెట్టారు. కాటలేజ్ అని ఇంకొకటి. పిల్లవాడి మోకాలు చెక్కుకుపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తాం చూడండి, బుసబుసమని నురుగు వస్తుంది. ఆ నురుగు కాటలేజ్ చేసే పనే. దాని అణువు ఒక్కటి సెకనుకు లక్షల కొద్దీ పెరాక్సైడ్ అణువులను విరిచి పారేస్తుంది. మాత్రలోని సి విటమిన్ అణువు ఒకటి రెండు దెబ్బలు కాచుకుని తానే నీరసించిపోతుంది. రాత్రింబగళ్లు పనిచేసే ఇంటి మనిషిని పస్తు పెట్టి, పూటకూలి మనిషికి పట్టుచీర పెట్టినట్టుంది మన వరస.

ఈ కాపలావాళ్లకు తిండి కావాలి కదా! గ్లూటాథయోన్ తయారీకి మూడు మాంసకృత్తుల ముక్కలు కావాలి. అందులో తేలిగ్గా దొరకనిది గంధకం ఉన్న సిస్టీన్. అది పప్పులోంచి, నువ్వుల్లోంచి, గుడ్డులోంచి, పాలలోంచి రావాలి. కాటలేజ్‌కు ఇనుము కావాలి. డిస్మ్యూటేజ్‌కు రాగి, జింకు, మాంగనీసు కావాలి. అవి జొన్నల్లో, పప్పుల్లో, నువ్వుల్లో ఉన్నాయి. జొన్నరొట్టె, పప్పు, నువ్వులపొడి, పక్కన ఉల్లిగడ్డ. మా ఊళ్లో కూలికి పోయే మనిషి సద్దిమూటలో కట్టుకుపోయిన భోజనం ఇది. దీన్ని మనం మోటు తిండి అని వదిలేసి, అదే సరుకును సీసాల్లో కొంటున్నాం.

ఇంకో ముచ్చట. ముల్లంగి కొరికితే ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది. ఆవపిండి నూరితే కళ్లనీళ్లు వస్తాయి. మునగాకులోనూ ఆ జాతి ఘాటే ఉంది. ఆ ఘాటు మన కణాలకు చిన్న దెబ్బలాంటిది. ఆ దెబ్బ తగలగానే కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మేస్త్రీ లేచి, "పని మొదలెట్టండి" అని కాపలావాళ్ల తయారీ పెంచుతాడు. 1990ల నుంచి శాస్త్రజ్ఞులు బ్రోకలీ మొలకలు పట్టుకుని పరిశోధించిందీ ఈ సంగతే. బ్రోకలీ మన సంతకు రాదని బెంగ పడకండి. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు దాని చుట్టాలే. మునగ దూరపు చుట్టం, కానీ గుణం అదే. మునగచెట్టు మీ దొడ్లో లేకపోతే పక్కింటి గోడ మీదికి వంగి ఉంటుంది.

"మరి మాత్రలు మింగితే తప్పేంటి, మంచిదే కదా" అంటారు. అందరూ అలాగే అనుకున్నారు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని పోగుచేసి, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూశారు. 1994లో లెక్క తేలింది. మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువ! అమెరికాలో అలాంటి పరీక్షనే ఇదే కారణంతో 1996లో గడువుకు ముందే ఆపేశారు. 2012లో 78 పరీక్షలను, దాదాపు మూడు లక్షల మంది వివరాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చిందేమంటే, ఈ మాత్రలు ఆయుష్షు పెంచుతాయనడానికి ఆధారం లేదు. బీటా కెరోటిన్, ఇ విటమిన్ మాత్రలు తగ్గించేలా కూడా కనిపిస్తున్నాయి. క్యారెట్ తింటే క్యాన్సరని కాదు సుమా! క్యారెట్‌లో ఉన్నదంతా మాత్రలో లేదు, మాత్రలో ఉన్నంత మోతాదు క్యారెట్‌లో లేదు.

మా ఇంటాయన సంగతి చెబుతాను వినండి. రోజూ పొద్దున్నే నల్గొండ రోడ్డు మీద గంటసేపు నడిచి వస్తారు. రాగానే సి విటమిన్ ఒకటి, ఇ విటమిన్ ఒకటి మింగి, మృత్యుంజయుడిలా మీసం దువ్వుకుంటారు. 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. దాదాపు నలభై మంది కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి ఈ రెండు మాత్రలూ ఇచ్చారు. ఉత్త చేతులతో వ్యాయామం చేసినవాళ్లలో సొంత కాపలావాళ్లు పెరిగారు, ఇన్సులిన్ బాగా పనిచేసింది. మాత్రలు మింగినవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. ఒళ్లు అలిసినప్పుడు పుట్టే ఆ కాస్త వేడే లోపలివాళ్లను నిద్రలేపే కేక. మాత్ర వేసి ఆ కేక నోరు నొక్కేస్తే ఎవరు లేస్తారు? ఇది చదివి వినిపిస్తే మావారు, "కొన్న సీసా అయిపోనీ" అన్నారు.

ఇక ఆ సూదుల మాట. గ్లూటాథయోన్‌ను తెల్లదనానికి నరంలోకి ఎక్కించడం ప్రమాదమని, కిడ్నీలకు, చర్మానికి ముప్పు అని ఫిలిప్పీన్స్ ప్రభుత్వ ఔషధ శాఖ 2011లోనే హెచ్చరించింది. ఆసుపత్రి వైద్యాన్ని నేను కాదనడం లేదు. పారాసెటమాల్ ఎక్కువ మింగి కాలేయం చెడేవాళ్లకు డాక్టర్లు ఇచ్చే విరుగుడు మందు కూడా ఒంట్లో గ్లూటాథయోన్ తయారీకి సిస్టీన్ అందించేదే. అది ప్రాణం నిలిపే వైద్యం. ఇది ప్రాణంతో చెలగాటం. ఆ పిల్లకు జబ్బేమిటి? చామనచాయ జబ్బా? పెళ్లికొడుకు నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. ఎంగేజ్‌మెంటులో ఎవరో ఒకావిడ "పిల్ల జెర రంగు తక్కువ" అందట. అన్నది ఆడది, విని కుమిలిపోయింది ఆడది, సూది పొడిపించుకునేది ఆడది. బాగుందమ్మా మన సంసారం!

అసలు జబ్బు వేరే ఉంది. అది మన వంటింట్లో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రెండువేల కేలరీల రోజువారీ భోజనంలో పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, గింజలు 35 గ్రాములు ఉండాలి. పప్పు బదులు గుడ్డో మాంసమో కొంత ఉండవచ్చు. నేను ఉండబట్టలేక మా ఇంట్లో నలుగురికి పోసే పప్పు గ్లాసు తూకం వేయించాను. నూటయాభై గ్రాములు! లెక్కకు మూడువందల నలభై కావాలి. ఉన్న ఆ నూటయాభైలోనైనా నా వంతు ఎంత? మావారికి రెండు గరిటెలు, పిల్లలకు రెండేసి, చివరికి నేను కూచునే సరికి గిన్నె అడుగున పోపు గింజలు, నాలుగు ఎండుమిరపకాయలు. పచ్చిపులుసు పోసుకుని, తొక్కు నంజుకుని లేస్తాను. జీవశాస్త్రం టీచరును! క్లాసులో మాంసకృత్తుల పాఠం చెప్పి, ఇంటికొచ్చి పచ్చిపులుసన్నం తిన్నదాన్ని. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇనుము లేని ఒంట్లో రక్తమే సరిగ్గా పట్టదు. అలాంటప్పుడు ఒంటి కాపలాకు ముడిసరుకు ఎక్కడిది? కంచంలో పడని పప్పు కణంలోకి ఎలా వస్తుంది? రాత్రి పదకొండుకు గిన్నెలు తోమి, తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషికి ఒంటి మరమ్మతు ఎప్పుడు జరుగుతుంది? నిద్ర కూడా తిండి లాంటిదే. అది తగ్గినా లోపల తుప్పు పెరుగుతుంది. ఇంట్లో మగవాళ్ల బీడీ, సిగరెట్టు పొగ పక్కన కూచున్నవాళ్ల కాపలాను కూడా ఖర్చు పెట్టేస్తుంది. వీటిలో ఒక్కదానికీ సీసా మందు లేదు.

మా నల్గొండ జిల్లావాళ్లకు ఈ పాఠం కొత్తా? గుక్కెడు గుక్కెడుగా లోపలికి పోయిన ఫ్లోరైడ్ నీళ్లు ఎన్ని ఊళ్లలో మనుషుల నడుములు వంచాయి! పటిక, సున్నం వేసి ఆ నీళ్లను తేర్చే పద్ధతికి నాగపూరులోని నీరి సంస్థవాళ్లు మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఎముక వంగాక నిటారు చేసే మాత్ర రాలేదు. రోజూ నోట్లోకి పోయేదాన్ని మార్చాకే తరువాతి పిల్లలు నిటారుగా నిలబడ్డారు. రోజూ పోయేదే మనిషిని నిలబెడుతుంది, రోజూ పోయేదే పడగొడుతుంది.

పప్పు తింటే రోగాలన్నీ పోతాయని నేననను. బీపీ, షుగరు మాత్రలు మానేసి మునగాకు నమలమనీ అనను. అలా అనేవాళ్లకూ, సూదులవాళ్లకూ తేడా లేదు. నేననేది ఒకటే. శరీరానికి తన పని తనకు వచ్చు. దాని కూలి దానికి ఇవ్వండి.

ఇదంతా విని మా ఆడబిడ్డ మొహం మాడ్చుకుంది. "పైసలియ్యనని సీదా చెప్పరాదు వదినె, గింత పాఠమెందుకు" అంది. మావారు లోపల్నించి, "పోనీ ఇద్దాం లేవే, ఆడపిల్ల పెళ్లి" అన్నారు. "ఇద్దాం. కానీ సూదికి కాదు" అన్నాను. ఆ పూట అందరం ఒక్కసారే కూచుని తిన్నాం. పుంటికూర పప్పు, జొన్నరొట్టె, నువ్వులపొడి. పిల్ల కంచంలో మొదటి గరిటె నేనే వేశాను. రెండోది నా కంచంలో. మావారు గిన్నెలోకి తొంగి చూశారు. చూడనీ!

నిన్న సాయంత్రం పిల్ల ఫోను చేసింది. "అత్తమ్మా, సూదులొద్దన్న. అమ్మ మాట్లాడుతలేదు" అంది. కాసేపాగి, "ఇయ్యాల నాన్నకంటె ముందుగాల నేనే పప్పు ఏసుకున్న. అందుకు గూడ తిట్టింది" అంది.

తిట్టనీ బిడ్డా. నాలుగు రోజులు తిడుతుంది, అయిదో రోజు తనూ వేసుకుంటుంది.

మరి రేపు మధ్యాహ్నం మీ ఇంట్లో మొదటి గరిటె ఎవరి కంచంలో పడుతుంది?