పేరు, తండ్రి పేరు కలిపితే ప్రైమరీ కీ అవుతుందా?

పేరునీ తండ్రి పేరునీ కలిపి ప్రైమరీ కీగా పెట్టి టేబుల్ డిజైన్ చేస్తే మన టీమ్ లీడ్ ఊరుకుంటాడా? పాత పొలం కాగితాల్లో మాత్రం మనిషికి గుర్తు దాదాపు ఆ రెండే.

మా వాకాడు వైపు తాత పేరు మనవడికి పెట్టడం మామూలే. సుబ్బయ్య కొడుకు రమణయ్య అనుకోండి. ఆయన తన కొడుక్కి నాన్న పేరు పెడతాడు, సుబ్బయ్య అని. ఆ సుబ్బయ్యా అదే పని చేస్తాడు, తన కొడుక్కి రమణయ్య అని. అంటే తాతా "సుబ్బయ్య కొడుకు రమణయ్యే", మనవడూ "సుబ్బయ్య కొడుకు రమణయ్యే". ఇంటిపేరు కూడా ఒకటే. డూప్లికేట్ కీ ఎర్రర్ అన్నమాట!

నవ్వుకుని వదిలేసే విషయం కాదిది. పాత దస్తావేజులో "సుబ్బయ్య కొడుకు రమణయ్య కొన్నాడు" అని ఉంది. కొన్నది తాతైతే, వీలునామా లేకపోతే, ఆయన పిల్లలందరి వైపు వాళ్ళూ వాటా అడగొచ్చు. మనవడైతే అది అతని స్వార్జితం. మా చుట్టాల్లో రెండు కుటుంబాలు ఈ లెక్క తేలకే మాట్లాడుకోవడం మానేశాయి.

"పెద్ద రమణయ్య, చిన్న రమణయ్య అంటారుగా" అనొచ్చు మీరు. పెద్దాయన పోయాక చిన్నాయనే పెద్దాయన అవుతాడు మరి! తద్దినంలో తండ్రిని వసు రూపంగా, తాతని రుద్ర రూపంగా, ముత్తాతని ఆదిత్య రూపంగా చెప్పిస్తారు. చక్కటి ఏర్పాటే, కానీ అది అర్రే ఇండెక్స్ లాంటిది. తరం మారగానే అందరూ ఒక్కో స్థానం జరుగుతారు. పైగా తద్దినం పుణ్యమా అని తిథి గుర్తుంటుంది గానీ, ఏ సంవత్సరమో గుర్తుండదు.

యూరప్ వాళ్ళకీ ఇదే తలనొప్పి. ఇంగ్లండులో 1538 నుంచి చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు తేదీలతో రాయించారు. అక్కడ వంశవృక్షం కట్టేవాళ్ళు ఒట్టి పేరుని నమ్మరు. తేదీ, భార్య పేరు, సాక్షులు చూస్తారు. ఖననమైపోయిన జాన్ ఆ తర్వాత పెళ్ళి చేసుకోలేడు కదా!

మనకి అలాంటి రిజిస్టరు లేదని దిగులు పడక్కర్లేదు. రిజిస్టరైన దస్తావేజులో తేదీ, హద్దులు, సాక్షులు ఉంటాయి. ఈసీలో లావాదేవీల వరస దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త, వాకాడుని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. అంతకు ముందు కాగితాల్లో నెల్లూరు జిల్లా అనే ఉంటుంది.

నేను చెప్పేది ఒకటే. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ప్రతి పూర్వీకుడికీ భార్య పేరు, ఆమె పుట్టినూరు, ఆయన పోయిన సంవత్సరం అడిగి రాసుకోండి. రమణయ్యలిద్దరి పేర్లూ ఒకటే కావచ్చు, వాళ్ళ భార్యలు మాత్రం వేరు. పొలం కాగితాల్లో చాలాసార్లు కనపడని ఆ నాయనమ్మల పేర్లే మనకి పనికొచ్చే కీ.