గుండెపోటు వచ్చినవారిని మంచం దింపండి

మన ఇళ్ళలో ఎవరికైనా గుండెపోటు వచ్చి, ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరారంటే మొట్టమొదట జరిగే పని ఒకటుంది. హాల్లో గాలి తగిలే చోటికి మంచం మారుతుంది. మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మందులు, మరచెంబు. ఇక అక్కడి నుంచి ఆయన లేవనక్కరలేదు. మంచినీళ్ళు కోడలు అందిస్తుంది, పేపరు మనవడు తెచ్చిస్తాడు. చూడవచ్చిన చుట్టాలు, "ఏమీ కదలకండి బావగారూ, గుండె అంటే మాటలా" అని చెప్పి, తెచ్చిన బత్తాయిలు అక్కడ పెట్టి వెళతారు.

ఇదంతా ప్రేమతోనే చేస్తాం. కాని ఈ ప్రేమ రోగికి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అందుచేత ఈసారి ఈ శీర్షిక రోగులకంటే వారి ఇంట్లోవారి కోసం రాస్తున్నాను. నడవమని డాక్టరు చెప్పినా నడవనివ్వనిది చాలాసార్లు మనమే.

ఈ భయం మన పెద్దవాళ్ళు ఊరికే కల్పించుకున్నది కాదు. వైద్యులే నేర్పారు. 1912లో అమెరికాలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు గుండె రక్తనాళంలో గడ్డ కట్టడం వల్ల వచ్చే జబ్బును వివరంగా వర్ణించిన తరువాత, కొన్ని దశాబ్దాలపాటు అన్ని చోట్లా ఒకటే పద్ధతి: ఆరు వారాలు మంచం మీదనే పడుకోవాలి. కొన్నిచోట్ల అన్నం కూడా ఇంకొకరు తినిపించాల్సిందే. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది కనుక, అంతవరకు కదిలితే గుండె గోడ చిట్లిపోతుందని వారి భయం. చూడటానికి సబబుగానే ఉంది. కాని అలా పడుకున్నవారి కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కొందరు పోయేవారు. గుండె మానినా మనిషి దక్కేవాడు కాదు.

ఈ ఆచారాన్ని మొదట గట్టిగా కదిపినవారు బోస్టన్ నగరంలో శామ్యూల్ లెవైన్, ఆయన శిష్యుడు బెర్నార్డ్ లౌన్. గుండెపోటు వచ్చిన 81 మందిని తొలి రోజుల్లోనే మంచం దించి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఫలితాలను 1952లో ప్రకటించారు. కుర్చీ అంటే కుర్చీయే, నడక కూడా కాదు. దానికే అప్పట్లో ఎంతో వ్యతిరేకత వచ్చింది. రోగులు మాత్రం త్వరగా కోలుకున్నారు, ధైర్యం తెచ్చుకున్నారు. ఈ లౌన్ గారే తరువాత అణుయుద్ధానికి వ్యతిరేకంగా వైద్యుల సంఘం ఒకటి స్థాపించారు. ఆ సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు డెన్వర్‌లో గుండెపోటు వచ్చింది. ఆయనను చూసిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్ నడకను నమ్మినవాడు, స్వయంగా సైకిలు తొక్కేవాడు. మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, తరువాత నడిపించి, మళ్ళీ పనిలో పెట్టారు. ఐసెన్‌హోవర్ 1956 ఎన్నికల్లో మళ్ళీ గెలిచి, 1969 వరకు జీవించాడు. గుండెపోటు వస్తే ఇక మూలన కూర్చోవలసిందే అన్న అభిప్రాయం జనంలో సడలడానికి ఇది బాగా తోడ్పడింది.

అసలు ఇంతకంటే పాత సంగతి ఒకటుంది. 18వ శతాబ్దంలో గుండెనొప్పిని మొదటిసారి స్పష్టంగా వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు హెబర్డెన్, తన రోగి ఒకడు రోజూ అరగంట కట్టెలు కోయడం పనిగా పెట్టుకుని దాదాపు బాగుపడ్డాడని రాసిపెట్టాడు. తరువాతి వైద్యులు ఆ మాటను పట్టించుకోలేదు.

పడకవల్ల జరిగే నష్టం ఎంతో తెలియాలంటే 1966లో అమెరికాలోని డల్లాస్‌లో జరిగిన ఒక పరిశోధన చూడాలి. ఏ జబ్బూ లేని ఐదుగురు 20 ఏళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీద ఉంచారు. వాళ్ళ శరీరం పనిచేసే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 సంవత్సరాల తరువాత 1996లో అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. 30 ఏళ్ళ వయస్సు మీద పడినందువల్ల కలిగిన నష్టం కన్నా, ఆనాటి మూడు వారాల పడక వల్ల కలిగిన నష్టమే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ళ కుర్రాడి సంగతే అలా ఉంటే, 62 ఏళ్ళ మామగారి సంగతి ఆలోచించండి.

నడిస్తే లోపల ఏమవుతుంది? గుండె బలపడుతుందని అందరూ అంటారు. నిజానికి ఎక్కువ లాభం కాళ్ళ కండరాల ద్వారా వస్తుంది. అలవాటుపడిన కండరం, వచ్చిన రక్తంలోంచే ఎక్కువ ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. అంటే నడక గుండె మీద బరువు పెంచదు, కొన్ని వారాల్లో తగ్గిస్తుంది. రక్తపోటు, చక్కెర అదుపులోకి వస్తాయి, నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది. 23,000 మందికి పైగా రోగులతో జరిగిన 85 పరిశోధనలను కలిపి 2021లో పరిశీలించినప్పుడు, వ్యాయామంతో కోలుకున్నవారిలో గుండెజబ్బు మరణాలు, మళ్ళీ గుండెపోటు రావడం, మళ్ళీ ఆసుపత్రిలో చేరడం తగ్గినట్టు కనిపించింది.

సరే, ఎంత నడవాలి? ఇది ఒక్కొక్కరికీ ఒక్కో రకం. గుండె ఎంత దెబ్బతింది, స్టెంట్ వేశారా, బైపాస్ చేశారా అన్నదాన్నిబట్టి మీ డాక్టరే చెప్పాలి. అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి చెబుతారు. ఇబ్బందులు లేనివారికి సాధారణంగా ఇచ్చే సలహా మాత్రం ఇది. ఇంటికి వచ్చిన మొదటి వారం చదునైన చోట ఐదేసి నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఇంట్లో వరండా చాలు. తరువాత కొన్ని రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ, నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒకేసారి అరగంట నడిచే స్థితికి రావాలి. అక్కడి నుంచి వారంలో కనీసం ఐదు రోజులు అరగంట. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా ఉండాలి. చురుకుగా నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి కూర్చుంటే కళ్ళు తిరగవచ్చు.

వేగం తెలుసుకోవడానికి యంత్రం ఏదీ అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. మాట కూడా తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. హాయిగా కీర్తన పాడుకోగలిగితే ఇంకొంచెం అడుగు వేయవచ్చన్నమాట. నాడి లెక్కపెట్టే పద్ధతి కొందరు చెబుతారు గాని, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వేసుకునేవారిలో నాడి పెద్దగా పెరగదు, ఆ లెక్క మోసం చేస్తుంది. మాటల పరీక్షే మేలు.

భోజనమైన గంటన్నర వరకు నడక వద్దు. జ్వరం ఉన్నప్పుడు అసలే వద్దు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో నాలుగు పటికబెల్లం ముక్కలో గ్లూకోజో ఉంచుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడదడ, ఎన్నడూ లేని ఆయాసం — వీటిలో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆగి కూర్చోవాలి. డాక్టరు ఇచ్చిన మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అయి ఉంటుందని సోడా తాగించి కూర్చోవద్దు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా, పాదాలు వాచినా నడక ఆపి డాక్టరును కలవాలి.

బైపాస్ అయినవారి విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. వారు నడవడానికి భయపడనక్కరలేదు, ఆసుపత్రిలోనే రెండో రోజో మూడో రోజో నడిపిస్తారు. జాగ్రత్తంతా కోసి కలిపిన రొమ్ము ఎముక గురించి. అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. అంతవరకు నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు, చేతులమీద బరువు మోపి లేవకూడదు, స్కూటరు నడపకూడదు. నిండు నీళ్ళ బిందె పది కిలోలు దాటుతుంది. గ్యాస్ సిలిండరు సంగతి చెప్పనే అక్కరలేదు. ఊపిరి బిగబట్టి చేసే పని ఏదైనా రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుంది. మలబద్ధకం ఉంటే మందు అడిగి తీసుకోండి, ముక్కవద్దు.

ఇక ఆడవారి సంగతి. ఇంటాయనకు గుండెపోటు వస్తే మంచం దిగనివ్వని ఇల్లే, ఇల్లాలికి వస్తే పది రోజుల్లో పొయ్యి దగ్గరకు పంపుతుంది. "ఇంట్లో తిరుగుతూనే ఉంటుందిగా, అదే వ్యాయామం" అంటారు. కాదు. వంటింటి పని నిలబడి చేసేది, మధ్య మధ్య బరువులెత్తేది. పైగా ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలో ఉండదు. ఆమెకూ రోజూ అరగంట, చెప్పులు వేసుకుని గుమ్మం దాటే నడక కావాలి. ఆ అరగంట పొయ్యి ఎవరు చూస్తారన్నది ఇంట్లోవాళ్ళు తేల్చుకోవాలి. కొడుకులూ పనికివస్తారు.

మనం ఉన్న ఊళ్ళనుబట్టి కూడా కొంత ఆలోచించుకోవాలి. బెంగుళూరువారికి లాల్‌బాగ్ ఉంది. చెన్నైవారికి మెరీనా, మైలాపూరులో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట ఉన్న పార్కు ఉన్నాయి. యానాంవారికి గోదావరి గట్టు. కాని షోలాపూరు, బరంపురం, యానాం ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కిన తరువాత నడక మంచిది కాదు. బెంగుళూరులో డిసెంబరు తెల్లవారుజామున చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, సూర్యుడు వచ్చాక బయలుదేరడం మేలు. ముంబయి చాల్ గదుల్లో ఉండేవారికి, మూడో అంతస్తులో లిఫ్టు లేనివారికి నడవను అటూ ఇటూ కొలవడమే గతి. దానికేమీ సిగ్గుపడనక్కరలేదు. మెట్లు మొదట్లో రోజుకు ఒకటి రెండుసార్లు, ప్రతి నాలుగైదు మెట్లకూ ఆగుతూ ఎక్కితే సరిపోతుంది.

మనకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఇంకొకటి చెప్పాలి. డాక్టరుగారు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెబుతారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. బజారు పనికి ఆ భాష వచ్చిన తాతగారికి కూడా, గుండెలో ఎలా ఉందో చెప్పుకోవడానికి తెలుగే కావాలి. అందుకే ఆయన తలూపి వచ్చేస్తారు. పెద్దవాళ్ళను ఒంటరిగా పంపవద్దు. ఆ బడిలో చదివిన మనవరాలినో మనవడినో వెంట పంపండి. "ఎన్ని నిమిషాలు నడవాలి? ఎంత బరువు ఎత్తవచ్చు? ఎప్పుడు పనిలోకి వెళ్ళవచ్చు? యోగా చేయవచ్చా?" అని ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరు చెప్పిన జవాబులు తెలుగులో రాసి గోడకు అంటించండి.

యోగా గురించి చాలామంది అడుగుతున్నారు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మూడు నెలల్లో 13 తరగతులు నేర్పారు. యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, మునుపటి పనులకు బాగా తిరిగి వెళ్ళారు. మరణాలు, మళ్ళీ గుండెపోటు రావడం తగ్గాయని మాత్రం ఆ పరిశోధన నిరూపించలేకపోయింది. కాబట్టి యోగా మంచిదే, మందులు మానడానికి అది కారణం కాకూడదు. శీర్షాసనం, ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం వద్దు.

ఆపద గడిచింది కనుక తిరుపతి కొండ నడిచి ఎక్కుతామని మొక్కుకునేవారు ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నెలల తరబడి అలవాటు చేసుకుని, డాక్టరు సరేనన్న తరువాత మాటది. అంతవరకు బస్సులో వెళ్ళి దర్శనం చేసుకున్నా స్వామి ఏమీ అనుకోడు.

భార్యాభర్తలు అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది. రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయితే మగతనానికని అమ్మే మాత్రలు వాడేవారు డాక్టరుకు దాచకూడదు. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో అవి కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా. తిథి వారాల పక్కన ఆ రోజు నడిచిన నిమిషాలు పెన్సిలుతో రాయండి. నొప్పి వచ్చిన రోజు దగ్గర ఒక గుర్తు పెట్టండి. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ కాగితం తీసుకువెళితే డాక్టరుకు సగం పని తీరుతుంది. తోడుగా నడిచేవారు మొదటి నెల తప్పకుండా ఉండాలి, అది రోజూ ఒకరే కానక్కరలేదు.

ఊరగాయ పూర్తిగా మానేయాలా అన్న ప్రశ్నకు జవాబు వచ్చే సంచికలో.