విషం వాళ్లది, ఖర్చు మనదా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న సుమారు 9,292 ఎకరాల పారిశ్రామిక భూములను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు మార్చుకోవచ్చని 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో కడితే చాలట. ఆ రుసుము చాలా తక్కువని పార్టీల మధ్య పెద్ద రగడే నడిచింది. మేము అడిగేది వేరు. దశాబ్దాలుగా రసాయనాలు తాగిన ఆ నేలను ఎవరు బాగు చేస్తారు? ఎవరి డబ్బుతో?

భూముల వ్యాపారం పట్నం వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఫ్యాక్టరీ గోడ దగ్గర విషం ఆగదు. పటాన్‌చెరు చూడండి. మందుల ఫ్యాక్టరీలు, రసాయన ఫ్యాక్టరీలు వచ్చాక నక్కవాగు రంగు మారింది. ఆ వాగు నీళ్లతో వరి పండించిన ఊళ్లలో మడులు బీడు పడ్డాయి, బోర్లు చెడిపోయాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టారు. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. 2007లో వాళ్లు ఆ సంగతి ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నక్కవాగు పోయి కలిసేది మంజీరలో. పోయిన పంటకు ఎకరానికి ఇంతని లెక్కగట్టి ఇచ్చే పరిహారంతో నేల బాగవుతుందా, బోరు బాగవుతుందా?

కలుషిత ప్రదేశాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో నియమాలు తెచ్చింది. అప్పటికి దేశంలో గుర్తించిన చోట్లు 103. పని మొదలైంది ఏడింటిలోనే. కలుషితం చేసినవాళ్లే ఖర్చు భరించాలని నియమం. వాళ్లు దొరక్కపోతే, లేదా కట్టే స్థితిలో లేకపోతే ప్రభుత్వ నిధులు వాడతారు. ప్రభుత్వం పైసా పెట్టొద్దని మేము అనం. దివాలా తీసిన యజమాని కోసం కాచుకు కూర్చుంటే ఆ బోరు నీళ్లు తాగే పశువులు ఆగలేవు. ముందు ప్రభుత్వమే పెట్టాలి. కానీ ‘దొరకలేదు’ అని రాసుకోవడం ఎంత తేలికో మనకు తెలియనిది కాదు.

రాజస్థాన్‌లోని బిచ్‌డీ గ్రామం ఏమైందో చూడండి. అక్కడ 1988లో హెచ్-యాసిడ్ తయారీ మొదలై ఏడాదికి అటూ ఇటూ నడిచి ఆగింది. ఆ కొద్దికాలంలోనే 2,440 టన్నుల విషపు మడ్డి పోగైంది. చుట్టుపక్కల బావుల్లో నీళ్లు రంగు మారి తాగడానికి పనికిరాకుండా పోయాయి. బాగుచేసే ఖర్చు కంపెనీలదేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఖర్చు 37.385 కోట్లుగా తేలింది. కంపెనీలు పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోతే, 2011లో కోర్టు మళ్లీ కలుగజేసుకుని చక్రవడ్డీతో కట్టమనాల్సి వచ్చింది. యజమాని ఎదురుగా ఉన్నచోటే ఇంత కాలం పట్టింది.

అమెరికా 1980లో దీనికి ఒక మార్గం వెతికింది. చమురు, రసాయన కంపెనీలపై ప్రత్యేక పన్ను వేసి, సూపర్‌ఫండ్ అనే నిధి పెట్టింది. 1995లో ఆ పన్ను గడువు తీరింది, దాన్ని పొడిగించలేదు. నిధి కరిగిపోయి భారం జనం కట్టే పన్నుల మీద పడింది. 2021 చట్టంతో రసాయనాలపై ఆ పన్నును మళ్లీ తేవాల్సి వచ్చింది. మన దగ్గర స్వచ్ఛ ఇంధనం పేరుతో 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలు సెస్ వేశారు. 2016కి అది 400 అయింది. మరుసటి ఏడాదే జీఎస్టీ పరిహారానికి మళ్లించారు. పేరొకటి, వాడకం ఇంకొకటి.

అందుకే భూమార్పిడి రుసుములో కొంత భాగాన్ని ఆ ఎస్టేట్ల దిగువన ఉన్న వాగులు, చెరువులు, బోర్లు బాగుచేయడానికే కేటాయించి, వేరే ఖాతాలో ఉంచాలని డిమాండ్ చేస్తున్నాం. మట్టి, భూగర్భజలం పరీక్షించి, ఆ నివేదికను తెలుగులో గ్రామసభ ముందు పెట్టాకే అనుమతి ఇవ్వాలి. ప్రజల సొమ్ముతో శుద్ధి చేసిన భూమి విలువ పెరిగితే ఆ పెరుగుదల ప్రజలదే కావాలి. కంపెనీ యజమాని విల్లాలు కట్టి అమ్ముకోవడానికి మనం చందా వేయలేం. ఇక్కణ్నుంచి కదిలే ఫ్యాక్టరీలు రేపు ఏ ఊరి చెలకల్లో దిగుతాయో అక్కడ, మొదటి ఇటుకకు ముందే, శుద్ధి ఖర్చుకు సరిపడా బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. లగచర్ల రైతులు 2024లో ఊరకే ఎదురు తిరగలేదు.

అనుమానిత కలుషిత ప్రదేశాలను గుర్తించి పైకి నివేదించే బాధ్యతను కొత్త నియమాలు జిల్లా యంత్రాంగంపై పెట్టాయి. అధికారులు వాళ్లంతట వాళ్లే వస్తారని కూర్చోవద్దు. పారిశ్రామిక వాడల దిగువన ఉన్న ప్రతి ఊళ్లో మన సభ్యులు గ్రామసభ తీర్మానం చేయించాలి. అందులో సర్వే నంబర్లు, బోర్ల లోతు, నీళ్లు ఎప్పటి నుంచి చెడ్డాయో, చచ్చిన పశువుల వివరాలు రాయాలి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక నకలు కాలుష్య నియంత్రణ మండలికి, ఇంకొకటి మన జిల్లా కార్యాలయానికి పంపండి.